మిగిల్చిన ముక్క

డాక్టర్ వెద్రానా రాసిచ్చిన కాగితం
మూడు నెలలుగా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.
తెల్ల రొట్టె వద్దు. బురెక్ వారానికోసారి.
కాఫీలో ముంచి కొరికే చక్కెర బిళ్ళ అసలే వద్దు.
దాన్ని చదివి, తలుపు తీసి,
అక్కడే నిలబడి తింటాను.

కూర్చుని తిన్నా అంతే.
ఎడమ చెయ్యి తనంతట తానే వచ్చి
కంచం చుట్టూ కోటగోడలా వంగుతుంది.
"అమ్మా, ఎవరొస్తున్నారని?" అంటుంది అయ్నా.
పదమూడేళ్ళ పిల్ల. సగం తిని లేచిపోగలదు.
ఆ సగాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.
కాసేపటికి అది కూడా నా కడుపులోనే ఉంటుంది.

ఆకలి రుచెరగదంటారు.
కడుపు నిండాక కూడా రుచెరగని ఆకలి ఒకటుంది.
రక్తపరీక్షలో దాని పేరు రాదు,
అంకె మాత్రం వస్తుంది.
ఈసారి తొమ్మిది దాటింది.

సరయేవో చుట్టూ కొండల మీద ఫిరంగులున్నప్పుడు
నాకు పదేళ్ళు.
అమ్మ గోడల వెంట వంగి వంగి నడిచి
దురదగొండాకు కోసుకొచ్చి ఉడికించేది.
నేలమాళిగలో పదకొండు మందిమి, గిన్నె ఒక్కటి.
చెంచా ఎవరిది వేగమో వాళ్ళకి ఒక చెంచాడు ఎక్కువ.
నేను వేగం నేర్చుకున్నాను.
ఎక్కాలు ఆ తర్వాత.

ఇప్పటికీ మంచం కింద ఇరవై రెండు మాంసం డబ్బాలు.
అటక మీద పిండి బస్తా.
పురుగు పడితే జల్లెడ పట్టి మళ్ళీ పోస్తాను.
డాక్టరు ఏం తింటున్నావని అడిగింది, చెప్పాను.
ఏం దాచుకున్నావని అడగలేదు.

మూడో నంబరు ట్రామ్ నడుపుతాను.
ఇలిజా చివరి స్టాపులో ఎనిమిది నిమిషాల విరామం.
రెండు నిమిషాల్లో నా రొట్టె అయిపోతుంది,
మిగతా ఆరూ గుండెల్లో మంట.

అక్కడి బెంచీ మీద రోజూ జుల్ఫో ఉంటాడు.
డెబ్భై ఆరేళ్ళు, ఒకప్పటి టికెట్ ఇన్‌స్పెక్టరు.
చిన్న చాకుతో ఆపిల్ తొక్కని తెగకుండా
ఒకే రిబ్బనులా తీస్తాడు.
కాగితం పల్చన ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని
కొండల వైపు చూస్తూ ఉండిపోతాడు.
నేను బండి కదిల్చేసరికి సగం ఆపిల్ ఇంకా చేతిలోనే.

ఓ రోజు దిగి వెళ్ళి అన్నాను:
"ఇంత నిదానం నీకెక్కడిది జుల్ఫో?
మనశ్శాంతి అంటే ఇదేనేమో."

నవ్వాడు. పళ్ళు ఎక్కువ లేవు.
"శాంతా! మునెవెరా, ఇది భయం.
ఆ చలికాలంలో నాకో ఆపిల్ దొరికింది.
అయిపోతుందేమోనని నాలుగు రోజులు తిన్నాను.
చెయ్యి ఇంకా అలాగే కోస్తోంది."

గంట కొట్టి బండి తీశాను.
ఒకే గిన్నె అడుగున పుట్టిన భయం:
నాలో పరుగు, అతనిలో నత్తనడక.
అతని షుగర్ మామూలే, నాది కాదు.
ఇందులో ఎవరి గొప్పా లేదు.
మార్కెట్ స్టాపు దాకా
ఎందుకో నవ్వొస్తూనే ఉంది.

ఆ రాత్రి మాంసం కూరిన మిరపకాయలు వండాను.
అయ్నా తిని, ఫోను పట్టుకుని లోపలికి పోయింది.
నా కంచంలో ఆఖరి ముక్క ఒకటి,
వేలెడంత.
ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాను,
ఏడిచే పిల్లని కూర్చోబెట్టినట్టు.
కంచం మీద పళ్ళెం బోర్లించి లైటార్పాను.

నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా.
రెండింటికి లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళాను,
నీళ్ళు తాగి వచ్చేశాను.

తెల్లవారుజామున పళ్ళెం ఎత్తి చూశాను.
అంచులు ఎండాయి, నూనె పేరుకుంది.
ముక్క అక్కడే ఉంది.
ఎవరూ పట్టుకుపోలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
ఉప్పు కాస్త ఎక్కువే పడింది.
ఇన్నాళ్ళూ అలాగే వండుతున్నానేమో,
అయ్నా అందుకే సగం వదిలేస్తోందేమో.